మొగ దగ్గర పేర్లు: బంటింగ్ తీరంలో ఏది సాక్ష్యం?

మలేషియాలో బంటింగ్ ఉన్న జిల్లా పేరు కువాలా లంగాట్. నది సముద్రంలో కలిసే చోటును మలయ్ భాషలో కువాలా అంటారు. మన జాలర్లు మొగ అనేది దాన్నే. లంగాట్ అన్నది అక్కడి నది పేరు. తెలుగు చెవికి ‘లంక’ గుర్తుకు రావచ్చు. ధ్వని పోలిక తప్ప మరో ఆధారం లేనప్పుడు ఆ ఊహను పక్కన పెట్టడమే మంచిది.

ఈ తీరం చాలావరకు మడ అడవి, బురదనేల. అందులో జుగ్రా కొండ ఒక్కటే ఎత్తుగా కనిపిస్తుంది కనుక ఓడలవాళ్లకు అదే గుర్తు. యూరోపియన్ నావికులు దాన్ని పార్సెలార్ అన్నారు. కొన్నిచోట్ల ముందు ‘పులో’, అంటే దీవి, అని కూడా చేర్చారు. దూరాన ఓడ మీద ఉన్నవాడికి పల్లపు నేల ఆనదు, కొండే దీవిలా తోచి ఉంటుంది. ఒకే కొండకు ఒడ్డునుంచి ఒక పేరు, నీటిమీదనుంచి ఇంకొకటి. రెండూ నమోదు కావలసినవే.

అక్షరక్రమం కూడా మోసం చేస్తుంది. 1972 మలయ్ రాత సంస్కరణ తరువాత అఖాతాన్ని ‘తెలుక్’ అని రాయాలి. బంటింగ్‌కు ఉత్తరాన తెలోక్ పంగ్లిమా గారంగ్ మాత్రం పాత రాతలోనే నిలిచింది. ఇది రాతలోని తేడాయే, వేరే పేరు కాదు.

అసలు కష్టం ఈ తీరంలోని క్యారీ దీవిలో ఉంది. ఆ పేరు ఇ. వి. క్యారీ అనే బ్రిటిష్ తోటల యజమానిది. అతనికంటే ముందునుంచీ అక్కడ ఉన్నవారు మాహ్ మెరి ప్రజలు. వారి భాష ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానిది. శ్రీకాకుళం కొండల సవర భాషకు దూరపు చుట్టం. గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వారి ధ్వనులను విని, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చుకు తెచ్చారు. తెలుగు లిపిలో పట్టని ధ్వనులకు ఆయన ప్రత్యేక గుర్తులు వాడారు. మాహ్ మెరికి కావలసిందీ ఆ ఓపికే. మలయ్ రాతలో ఒకే అక్షరం రెండు అచ్చులకు నిలుస్తుంది. మాహ్ మెరిలో అచ్చులు అంతకంటే చాలా ఎక్కువ. 2010లో నికోల్ క్రూస్పే ప్రచురించిన నిఘంటువు ఇప్పుడు గట్టి ఆసరా. అయితే భాషల చుట్టరికం చూసి సవర ఊళ్ల పేర్లతో పోలికలు వెతకడం తొందరపాటు అవుతుంది.

అలాంటి తొందర మనకు కొత్త కాదు. మలక్కా దగ్గరి తంజుంగ్ క్లింగ్‌లోని ‘క్లింగ్’ కళింగ నుంచి వచ్చిందనడం సబబే. కానీ మలయ్‌లు ఆ మాటను దక్షిణ భారతీయులందరికీ, ఎక్కువగా తమిళులకు, వాడారు. దాన్ని పట్టుకుని అక్కడ తెలుగువారు స్థిరపడ్డారని తేల్చలేం.

పేర్లకు సాక్ష్యం నమోదు చేయడానికి ఒక పాత నమూనా ఉంది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ పడమటి దీవులను కొలిచిన సర్వేవారు గేలిక్ పేర్లకు పుస్తకాలు పెట్టారు: పేరు, ఇతర రాతలు, చెప్పిన సాక్షి, స్థల వర్ణన. సాక్షికి ఒక గడి ఇవ్వడం గొప్ప పని. గొంతు మాత్రం అందులో పట్టలేదు. ఈనాడు అది పట్టవచ్చు. దానికి తోడు సముద్రపు పోటు, పాటు వేళలు రాయాలి. పాటులో తేలే దిబ్బ పోటులో ఉండదు కనుక పటం మీద ఒక్క చుక్క చాలదు. మాహ్ మెరి వారు తీరాన సముద్రపు ఆత్మలకు ‘పూజా పంతై’ చేస్తారు. అలాంటి చోట్ల పేర్లు అచ్చువేయవచ్చో లేదో వారే చెప్పాలి.

క్యారీ దీవిలో ఓడరేవు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. కనుక పేర్ల నమోదు తీరపు మడ కాలువలతో మొదలుకావాలి.