రామప్పగుడిని గట్టినదెవరు?

ప్రాచీన దేవాలయమును జూడబోయిన పల్లెవాసి మొదట చేతులు జోడించును. పిదప తల యెత్తి దూలములను జూచును. ఆ మీదట అతని నోట అప్రయత్నముగా వెలువడు ప్రశ్న యొక్కటే: ‘ఇంతేసి రాళ్ళను అంత యెత్తున కెట్లెక్కించిరి?’

ఈ ప్రశ్నకు తెలుగునాట ప్రతి యింటను ఒక సమాధానము సిద్ధముగా నున్నది. భూతములు రాత్రికి రాత్రి కట్టినవనియు, కోడి కూసినంతనే పని విడిచిపోయినవనియు, అందుచేతనే గోపురము సగములో నిలిచినదనియు అవ్వలు మనుమలకు చెప్పుదురు. మరికొన్ని యిండ్లలో ఆ పని భీమునిది. ములుగు సీమలోని దామరవాయి కడ గుట్టపై నున్న అతి ప్రాచీనములగు రాతి సమాధులను జనులు నేటికిని రాక్షసగుళ్ళనియే పిలుతురు.

ఈ కథలను నవ్వి త్రోసిపుచ్చుట తగదు. పనివాని నేర్పును జూచి పామరుడు పొందిన ఆశ్చర్యమే ఇట్లు కథయై నిలిచినది. కాని వానియం దొక అన్యాయము గలదు. పని భూతముల దనినచో, ఎండలో ఉలి పట్టిన మనుష్యుని కేమియు మిగులదు. కావున ఆ మనుష్యు లెవరో, వారెట్లు పని చేసిరో విచారించుట న్యాయము. అందులకు పాలంపేటలోని రామప్పగుడి చక్కని నిదర్శనము.

నేటి ములుగు జిల్లాలో నున్న ఈ శివాలయమును కాకతీయ గణపతిదేవుని సేనాని యగు రేచర్ల రుద్రుడు నిర్మింపజేసెను. క్రీ.శ. 1213 నాటి శిలాశాసన మా సంగతి తెలుపుచున్నది. చెంతనున్న పెద్ద చెరువును గూడ ఆతడే కట్టించెను. ఆ చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. 2021 జూలై 25వ తేదీన యునెస్కో వారీ యాలయమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. గోడలు ఎఱ్ఱనగు ఇసుకరాయి. లోపలి స్తంభములును దూలములును గట్టి నల్లరాయి. గర్భగుడిపై విమానము ఇటుక. ఈ నిర్మాణము సుమారు నలువది యేండ్లు సాగియుండునని విద్వాంసుల అంచనా. అనగా ఇది ఒక్క రాత్రి పని కాదు. తండ్రి మొదలు పెట్టిన కంబమునకు కొడుకు నగిషీ చెక్కియుండును.

ఇక రాతిని చీల్చుట మొదటి చిక్కు. గీత గీచినట్లు వరుసగా గుంటలు తొలిచి, వానిలో మేకులు దిగగొట్టి, సమ్మెటతో ఒకదాని వెంట ఒకటిగా మోదినచో బండ ఆ గీత వెంబడి విడిపోవును. పాత కొండరాళ్ళ అంచులయందు ఈ గుంటల జాడలు పంటిగాట్లవలె నేటికిని కనబడుచుండును. అట్లును విడివడని బండను అగ్నితో సాధింతురు. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భజలములను గూర్చి చెప్పు సందర్భమున, బండ పగులనప్పుడు మోదుగ, తుమికి కట్టెలతో మంట పెట్టి, అది ఎఱ్ఱబడిన పిమ్మట సున్నపునీరు చల్లినచో పగులునని వ్రాసెను. రాతినేలలో బావులు త్రవ్విన కుటుంబములవారు, తమ తాతలు బండపై మంట వేసి చన్నీరు గ్రుమ్మరించెడివారని చెప్పుదురు. ఆ వృద్ధులు సంహితను చదివినవారు కారు. శాస్త్రమున నున్న మాటయే వారి యింట పనిగా నిలిచినది.

రెండవ చిక్కు బరువు. దీనికి లెక్క వేసి చూడవలెను. నల్లరాయి ఘనపుటడుగునకు సుమారు 75 కిలోలు తూగును. పది అడుగుల నిడివి, రెండడుగుల వెడల్పు, రెండడుగుల మందము గల దూలము నలువది ఘనపుటడుగులు. అనగా 3,000 కిలోలు. దానిని తిన్నగా పైకెత్తుట ఎంతమందికైనను కష్టమే. కాని పదడుగుల దూరమున కొక్క అడుగు చొప్పున లేచు మట్టివాలు కట్టి, దుంగలపై దొర్లించినచో, లాగవలసిన బలము అందులో పదియవ వంతు, అనగా 300 కిలోలు. రాపిడి నిమిత్తము మరి యంత వేసికొనినను 600 కిలోలు. ముప్పది మంది పట్టిన మోకుపై ఒక్కొక్కని వంతు ఇరువది కిలోలే. కూతపాటతో అందరి అడుగు నొక్కటి చేయుట, రాయి వెనుకకు జారకుండ అడ్డుకట్టెలు వేయుట, వాలును దినదినము పెంచుట మాత్రమే కావలెను. బండిమీది కొక బండను వాలు పలకలపై నెక్కించిన రాతిపనివా డెవ్వడైనను ఈ సూత్ర మెరుగును.

మూడవది పునాది. గోతిని త్రవ్వి, ఆ మట్టినే తిరిగి అందులో పోసి నేల గట్టిదనమును పరీక్షింపవలెనని వరాహమిహిరుడే చెప్పెను. మట్టి మిగిలినచో నేల మంచిది, సరిపోయినచో మధ్యమము, చాలనిచో పనికిరాదు. కాకతీయ శిల్పు లంతటితో ఊరకుండక, లోతుగా త్రవ్విన గోతిని ఇసుకతో నింపి, తడిపి, దట్టించి, దానిపై రాతిపీఠము నెత్తిరి. నేల కదలినను ఇసుక ఆ యదురును తనలో నణచుకొనును. రామప్పగుడి మంటపమున నేల కొన్నియెడల క్రుంగినను, స్తంభములు దూలములను మోయుచునే యున్నవి. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడికి చెందిన కళ్యాణమంటపమును ఈ శతాబ్ది తొలి దశాబ్దిలో విప్పినప్పుడు, దాని క్రిందను ఇసుక పునాదియే కనబడినది. దానిని మరల నిలబెట్టి 2024లో తెరచిరి. యంత్రము లున్న కాలముననే కూర్పున కిన్ని సంవత్సరములు పట్టినదనినచో, తొలుత కూర్చినవారి యోర్పు ఎంతటిదో ఊహింపవచ్చును.

నాలుగవది విమానము. రాతిగోడలపై మరల రాతినే గోపురముగ నెత్తినచో భార మధికమగును. అందుచేత శిల్పులు నీటిపై తేలునంతటి తేలిక ఇటుకను చేసిరి. బంకమట్టిలో ఊక వంటి కాలిపోవు పదార్థమును కలిపియుందురనియు, ఆవములో అది కాలిపోగా సన్నని రంధ్రములు మిగిలి ఇటుక తేలికయైనదనియు పరిశోధకుల అభిప్రాయము. మట్టిలో ఊక కలుపుట ఇటుకలు కాల్చు వారికి వింత కాదు. ఎంత కలుపవలెను, ఎంత కాల్చవలెను అనుటలోనే నేర్పంతయు నున్నది. ఆ కొలత ఏ శాసనమునను చెక్కబడలేదు.

ఇందొక విశేషము గలదు. శాసనమున దేవుని పేరు రుద్రేశ్వరుడు. అది కట్టించిన సేనాని పేరున వెలసినది. రామప్ప యను పేరు మాత్రము ప్రజల నోట నిలిచినది. రామప్ప యనగా ఆ గుడిని చెక్కిన శిల్పి యని తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ధనమిచ్చినవానిని రాయి జ్ఞాపక ముంచుకొనినది. ఉలి పట్టినవానిని తాతలు మనుమలకు చెప్పిన మాట కాపాడినది. లోకము నేడు ఆ గుడిని పిలుచునది ఆ శిల్పి పేరుననే. భూతముల కథ చెప్పిన నోరే ఈ పేరును గూడ చెప్పినది. కనుక పెద్దల మాటను పూర్తిగా నమ్మరాదు, పూర్తిగా విడువను రాదు, తూచి గ్రహింపవలెను.

అయితే నోటి మాట కాయువు తక్కువ. ఎద్దులు త్రిప్పిన గానుగలో సున్నమును ఇసుకను నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపిన పాళ్ళు తెలిసినవారు నేడు ఏ గ్రామమున జూచినను కొందరే యున్నారు. రాతిని చేతితో తట్టి, దాని ధ్వనినిబట్టి లోపలి బీటను గుర్తింపగల వృద్ధులును అట్లే. వారితో ఆ విద్య పోయినచో, వారి మునిమనుమలు తమ యింటివారు కట్టిన గోడను జూచి మరల భూతముల కథయే చెప్పుకొందురు.

గ్రంథాలయము అచ్చు పుస్తకముల నుంచుటతోనే తన పని తీరినదనుకొనరాదు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తకము తెరచి, గ్రామములోని వడ్డెరల, కంసాలుల, కుమ్మరుల, తాపీపనివారల ఇండ్లలోని పెద్దలు చెప్పు సంగతులను, చెప్పినవారి పేరు, తేదీ, పనిముట్ల పేర్లు, కొలతలతో సహా చదువుకొన్న యువకులు వ్రాసి యుంచుట మేలు. అందులకు చందా అక్కరలేదు, భవనము అక్కరలేదు. సాయంకాలము అరుగుమీద పెద్దలయొద్ద కూర్చుండి విను ఓపిక చాలును.