డిజిటల్ చిత్రకళలో ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక

బొమ్మలు వేయడానికో, ఫోటోలు సరిదిద్దడానికో, యానిమేషన్ చేయడానికో కంప్యూటర్ కొనే కళాకారుడు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ (నిర్వాహక వ్యవస్థ) మీద పనిచేయాలన్న ప్రశ్న 1980ల నడుమ పుట్టింది. విండోస్, మ్యాక్ ఓఎస్, లినక్స్, ఐప్యాడ్ ఓఎస్ ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. చిత్రకారులు సిస్టమ్‌ను చూసి సిస్టమ్‌ను ఎంచుకున్న సందర్భాలు చరిత్రలో తక్కువే. ముందు బొమ్మలేసే ప్రోగ్రామో, చేతిలో పట్టే కలమో నచ్చేది. అది ఏ యంత్రంలో నడిస్తే ఆ యంత్రం ఇంటికి వచ్చేది.

తొలినాళ్లు

ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ 1963లో తయారుచేసిన స్కెచ్‌ప్యాడ్, జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రిచర్డ్ షూప్ 1973లో నడిపించిన సూపర్‌పెయింట్, టీవీ కేంద్రాల కోసం 1981లో వచ్చిన క్వాంటెల్ పెయింట్‌బాక్స్ - వీటిలో యంత్రం, ప్రోగ్రాం ఒకే ముద్ద. విడదీసి కొనే వీలు లేదు కనుక ఎంపిక అనే మాటే లేదు.

మ్యాకింటాష్, అమీగా

1984 జనవరి 24న యాపిల్ సంస్థ విడుదల చేసిన మ్యాకింటాష్‌తో పాటు బిల్ అట్కిన్సన్ రాసిన మ్యాక్‌పెయింట్ వచ్చింది. తెర వెడల్పు 512 చుక్కలు, ఎత్తు 342 చుక్కలు. రంగులు లేవు, బూడిద ఛాయ కూడా లేదు, ఉన్నవి నలుపు తెలుపులే. నీడ కావాలంటే చుక్కల నమూనాలు పరిచి కంటిని నమ్మించాలి. ఫ్యాట్‌బిట్స్ అనే ఏర్పాటుతో బొమ్మలో చిన్న ముక్కను పెద్దది చేసి, ఒక్కొక్క చుక్కను మౌస్‌తో నొక్కుతూ నల్లగానో తెల్లగానో మార్చుకోవచ్చు. ముగ్గు పెట్టే చేతికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. మ్యాకింటాష్ తెర మీది చిన్నచిన్న గుర్తులను గీసిన సూసన్ కేర్ కూడా ఇలా చుక్కచుక్కగానే పనిచేశారు. 128 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న యంత్రంలో అంత చురుకైన ప్రోగ్రాం ఇమడడం ఇవాళ చూసినా మెచ్చుకోదగినదే.

రంగుల విషయంలో మ్యాక్‌ను మించినది కమోడోర్ సంస్థ వారి అమీగా. 1985 జులై 23న న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో జరిగిన విడుదల సభలో చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదిక మీద కూర్చుని, గాయని డెబ్బీ హ్యారీ బొమ్మకు రంగులద్దారు. వాడినది ఇంకా పూర్తికాని ప్రోగ్రాం. రంగు నింపే సాధనం నొక్కితే అది కూలిపోవచ్చని ఇంజినీర్లకు గుబులు. వార్హోల్ సరిగ్గా దాన్నే నొక్కారు. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. 4,096 రంగుల నుంచి మామూలుగా 32 ఎంచుకుని తెర మీద ఒకేసారి చూపగలిగిన ఈ యంత్రం ధర 1,295 డాలర్లు; నలుపు తెలుపుల మ్యాక్ విడుదలైనప్పటి ధర 2,495 డాలర్లు. అదే ఏడాది చివర్లో డాన్ సిల్వా రాసిన డీలక్స్ పెయింట్ రావడంతో ఆటల బొమ్మలు వేసేవారు, చిన్న టీవీ సంస్థలు అమీగా వైపు మళ్లాయి.

అయినా అమీగా నిలవలేదు. 1994లో కమోడోర్ దివాలా తీసింది. వార్హోల్ ఆనాడు వేసుకున్న బొమ్మలు ఫ్లాపీల్లోనే ఉండిపోయి, 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ క్లబ్ విద్యార్థుల చేతుల్లో మళ్లీ వెలుగు చూశాయి. సిస్టమ్ మూతపడితే బొమ్మలూ దానితో పాటే తాళం వేసుకుంటాయని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఫోటోషాప్

మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్, సినిమా మాయాదృశ్యాలు చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో ఉద్యోగి అయిన అతని తమ్ముడు జాన్ నోల్ కలిసి చేసిన ఫోటోషాప్‌ను అడోబీ సంస్థ 1990 ఫిబ్రవరిలో విడుదల చేసింది. మొదట అది మ్యాక్‌లో మాత్రమే నడిచేది. 1987లోనే వచ్చిన ఇలస్ట్రేటర్, 1985 నాటి పేజ్‌మేకర్, లేజర్‌రైటర్ ప్రింటర్ అన్నీ మొదట మ్యాక్ పక్షానే ఉండటంతో అచ్చు, ప్రకటనల రంగాలు ఆ గూటికే చేరాయి. ‘కళాకారులకు మ్యాక్’ అనే మాట అప్పుడు స్థిరపడింది, దానికి కారణం పోయిన తర్వాత కూడా మిగిలింది. 1993 నాటికి ఫోటోషాప్ 2.5 విండోస్‌లోనూ దొరికింది. 1989 నుంచే కోరల్‌డ్రా విండోస్‌లో ఉంది.

తేడాలు మాత్రం పూర్తిగా పోలేదు. అప్పట్లో మ్యాక్ తెర గామా విలువ (మధ్య ఛాయల వెలుగును తేల్చే కొలత) 1.8, విండోస్‌ది 2.2. మ్యాక్‌లో చక్కగా కుదిరిన బొమ్మ విండోస్‌లో తెరిస్తే మసక చీకటి కమ్మినట్టు కనిపించేది. 2009లో యాపిల్ కూడా 2.2కే మారింది. 2008లో వచ్చిన ఫోటోషాప్ సి.ఎస్.4 విషయంలో తక్కెడ విండోస్ వైపు మొగ్గింది: పెద్ద బొమ్మలకు అవసరమైన 64 బిట్ల రూపం విండోస్‌కే వచ్చింది. ఫోటోషాప్‌కు ఆధారమైన పాత పద్ధతికి 64 బిట్ల రూపం ఇవ్వరాదని యాపిల్ స్వయంగా నిర్ణయించడంతో మ్యాక్ వాడేవారు 2010 దాకా ఆగాల్సి వచ్చింది.

తెలుగు డి.టి.పి.

తెలుగునాట ఈ ఎంపికను అక్షరమే తేల్చింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, విండోస్ - ఈ మూడూ కలిసి పెళ్లిపత్రికల నుంచి కథాసంపుటాల దాకా అచ్చుపనిని ఏలాయి. యూనికోడ్‌కు ముందరి ఈ ఫాంట్లలో తెలుగు గుణింతాలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, డాలరు గుర్తులు బారులు తీరతాయి. అను కీబోర్డు అమరికల్లో ఒకదానికి ‘యాపిల్’ అనే పేరుంది; దాన్ని విండోస్‌లో కొట్టడం ఆపరేటర్లకు వింతగా తోచదు. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. అదే ఏడాది విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటును మోసుకొచ్చింది. అయినా వేల కొద్దీ పాత ఫైళ్లు ఉన్న డి.టి.పి. సెంటర్లు పాత వ్యవస్థను వదులుకోలేకపోయాయి. ఫ్లెక్సీలు చేసే చోట పేజ్‌మేకర్ బదులు కోరల్‌డ్రా, ఫోటోషాప్ ఉండేవి, సిస్టమ్ మాత్రం అదే.

వర్క్‌స్టేషన్లు

సినిమా మాయాదృశ్యాలకు 1990లలో సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాలు, వాటి ఐరిక్స్ వ్యవస్థ ప్రమాణం. 1998లో మాయా అనే త్రీడీ యానిమేషన్ ప్రోగ్రాం ఐరిక్స్‌కూ విండోస్ ఎన్‌టీకీ రావడంతో ఆ కాలం ముగింపుకు వచ్చింది.

లినక్స్

1997 నాటి ‘టైటానిక్’ సినిమా దృశ్యాలను లెక్కగట్టి తయారుచేయడానికి డిజిటల్ డొమైన్ సంస్థ లినక్స్ నడిచే ఆల్ఫా యంత్రాలను వాడింది. తర్వాతి కొన్నేళ్లలో పెద్ద స్టూడియోలు వరసగా లినక్స్‌కు మారాయి. ఒక చిక్కు మాత్రం తెగలేదు: ఫోటోషాప్‌కు లినక్స్ రూపం లేదు. చివరకు డిస్నీ, డ్రీమ్‌వర్క్స్, పిక్సార్ డబ్బు పెట్టి, విండోస్ ఫోటోషాప్ లినక్స్‌లో నడిచేలా 2003లో ఏర్పాటు చేయించుకున్నాయి. సిస్టమ్ మార్చినంత తేలిగ్గా చిత్రకారుల చేతి అలవాటును మార్చలేకపోయారన్నమాట.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో 1996లో జింప్, 1999లో మొదలైన పని నుంచి క్రిటా అనే బొమ్మల ప్రోగ్రాములు వచ్చాయి. టాన్ రూజెండాల్ రాసిన త్రీడీ ప్రోగ్రాం బ్లెండర్‌ను 2002లో అభిమానులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగేసి అందరిదీ చేశారు. 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా యానిమేషన్ చిత్రం ‘ఫ్లో’ తయారైంది బ్లెండర్‌లోనే. ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ రెవోయ్ 2014 నుంచి ‘పెప్పర్ అండ్ క్యారట్’ కామిక్‌ను లినక్స్ మీద, ఎక్కువగా క్రిటాతో వేస్తున్నారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌కు తెలుగు రూపం ఇచ్చింది.

కలం

1983లో జపాన్‌లో మొదలైన వాకామ్ సంస్థ తీగ, బ్యాటరీ అక్కర్లేని కలాలతో పేరు తెచ్చుకుంది. చేతి ఒత్తిడిని బట్టి గీత లావెక్కడం, సన్నబడటం దీని సొగసు. ఆ ఒత్తిడి కబురును ప్రోగ్రాంకు చేరవేయాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌లో 1991 నాటి విన్‌ట్యాబ్ పద్ధతి ఒకటి, మైక్రోసాఫ్ట్ సొంత విండోస్ ఇంక్ మరొకటి ఉండటంతో రెంటి నడుమ తగవు వచ్చింది. కలాన్ని తెర మీద క్షణం ఆపితే చుట్టూ చిన్న వలయం తిరిగి, కుడి క్లిక్ పడేది. గీత మొదట్లోనే ముక్కలయ్యేది. ఫోటోషాప్ వాడేవారికి దీనికి దొరికిన మందు రెండు వరసల టెక్స్ట్ ఫైలు. అందులో ‘యూజ్‌సిస్టమ్‌స్టైలస్ 0’ అని రాసి ఫోటోషాప్ సెట్టింగ్స్ సంచయంలో పెడితే పాత పద్ధతి తిరిగొచ్చేది. కొత్తగా ట్యాబ్లెట్ కొన్న విద్యార్థికి సీనియర్లు ముందు నేర్పేది బొమ్మ కాదు, ఇదే. లినక్స్‌లో వాకామ్ కలాలు బాగానే కుదురుకున్నాయి. వేరే కంపెనీల వాటి సంగతి ఆ నమూనాను బట్టి ఉంటుంది.

ఐప్యాడ్, ఆ తర్వాత

2015 నవంబరులో యాపిల్ పెన్సిల్‌తో ఐప్యాడ్ ప్రో వచ్చాక కలం, తెర, సిస్టమ్ మళ్లీ ఒకే ముద్దయ్యాయి. టాస్మేనియాలో తయారై 2011లో విడుదలైన ప్రోక్రియేట్ ఐప్యాడ్‌కే పరిమితం; దాని కోసమే ఐప్యాడ్ కొన్నవారు చాలామంది. 1980లలో క్వాంటెల్ పెయింట్‌బాక్స్ మీద గీసిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ, 2010 నుంచి ఐప్యాడ్ మీద గీశారు.

2013లో అడోబీ కొత్త రూపాలను చందా పద్ధతిలోకి మార్చడంతో ధర కూడా ఎంపికలో భాగమైంది. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ఆపింది, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. బొమ్మలకు ఇంకా చక్కగా పనికొచ్చే అలాంటి పాత కంప్యూటర్లలో లినక్స్ వేసి క్రిటా వాడుకోవచ్చు. ఫోటోషాప్ ఫైళ్ల మీద, అను ఫాంట్ల మీద బతుకుతున్నవారికి ఆ దారి అంత సులువు కాదు.