కౌమారపు కుంగుబాటు: పెద్దల కంటికి కనబడని రోగం

బిడ్డకు జ్వరం వస్తే తల్లి చేయి నుదుట తగలగానే తెలిసిపోతుంది. మనస్సుకు వచ్చిన రోగం అట్లు చేతికి తగలదు. పదునాలుగు, పదునైదేండ్ల పిల్లవాడు చదువుపై ఆసక్తి కోల్పోయి, నలుగురిలోనికి రాక, అయినదానికీ కానిదానికీ విసుగుకొంటుంటే ఇంటివారు దానిని సోమరితనమనో, పొగరనో, వయస్సు తెచ్చిన పెంకెతనమనో అనుకొంటారు. ఈ పొరపాటు ఇంటివారిది మాత్రమే కాదు. వైద్యశాస్త్రం కూడా చాలకాలం ఇట్లే పొరబడినది.

1904లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ హాల్ కౌమార దశను గురించి రెండు సంపుటాల గ్రంథం వెలువరించినాడు. ఈ దశ తుఫాను వంటిదనీ, అందులో అలజడి సహజమనీ ఆయన అభిప్రాయం. అలజడి సహజమే అయితే చికిత్స ఎందుకు? తరువాత మనోవిశ్లేషణవాదులలో పలువురు మరొక వాదం చేసినారు. తన్ను తాను నిందించుకొనే అంతరాత్మ పూర్తిగా రూపొందితే గాని నిజమైన కుంగుబాటు కలుగదనీ, పిల్లలలో అది పరిపక్వం కాదు గనుక వారికి ఈ రోగం రాదనీ వారి వాదన. ఒకరు బాధను సహజమన్నారు, మరొకరు అసంభవమన్నారు. నడుమ బాధపడే పిల్లలు మరుగున పడినారు.

ఆ కాలంలోనే మానసిక రోగాలకు తల్లి పెంపకమే మూలమనే నింద కూడా ప్రబలినది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే వైద్యురాలు స్కిజోఫ్రీనియాకు తల్లి స్వభావాన్ని ఒక కారణంగా చూపినది. ఆ వాదం తరువాతి పరిశోధనలకు నిలువలేదు. మన దేశంలో మాత్రం 1950 దశకంలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఇందుకు భిన్నమైన మార్గం తొక్కినాడు. రోగుల బంధువులను ఆవరణలోని గుడారాలలో ఉంచి, వారిని చికిత్సలో భాగస్వాములను చేసినాడు. కుటుంబం దోషి కాదు, తోడు అని ఆ పద్ధతి చాటినది.

ఇక పిల్లల విషయంలో కన్ను తెరిపించినది ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న వైట్ ద్వీపం. 1960 దశకం నడుమ మైఖేల్ రట్టర్ మొదలైన పరిశోధకులు అక్కడి 10, 11 ఏండ్ల బాలబాలికలను పరీక్షించినారు. వారికి 14, 15 ఏండ్లు వచ్చినప్పుడు మరల పరీక్షించినారు. తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను ప్రశ్నించుటతో ఆగక, పిల్లలతో వేరుగా కూర్చుండి మాట్లాడినారు. 1976లో ప్రకటించిన ఫలితాలలో రెండు విషయాలు ముఖ్యమైనవి. మొదటిది: చాలమంది పిల్లలకు తల్లిదండ్రులతో సఖ్యమే ఉన్నది; తుఫాను కథలో అతిశయోక్తి ఉన్నది. రెండవది: తాము దుఃఖంలో ఉన్నామనీ, తాము పనికిరానివారమనీ తలచే పిల్లలు తక్కువమంది కారు, ఆ సంగతి పెద్దలు తరచు గమనింపనే లేదు. సఖ్యం ఉన్న ఇంటిలో కూడా బాధ దాగి ఉండగలదన్నమాట. పిల్లవానిని అడిగితేనే అది బయటపడినది.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ప్రకటించిన మూడవ రోగనిర్ణయ గ్రంథం పెద్దల కుంగుబాటుకు చెప్పిన లక్షణాలనే పిల్లలకూ వర్తింపజేసినది. పిల్లలలో విచారానికి బదులు చిరాకే పైకి కనబడవచ్చునని తరువాతి ముద్రణలు స్పష్టం చేసినవి.

చికిత్స సంగతి. 2004లో 12 నుండి 17 ఏండ్ల వయస్సు గల 439 మందిపై జరిగిన అమెరికా పరిశోధన వెలువడినది. 12 వారాలలో ఫ్లూఆక్సెటిన్ మందుతో పాటు, ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే సంభాషణ చికిత్స పొందినవారిలో నూటికి 71 మంది మెరుగుపడినారు. మందు మాత్రమే పొందినవారిలో 61, సంభాషణ చికిత్స మాత్రమే పొందినవారిలో 43, ఉత్తుత్తి మాత్ర పొందినవారిలో 35 మంది మెరుగుపడినారు. ఇట్టి మందుల వలన కొందరు పిల్లలలో ఆత్మహత్యా భావాలు పెరుగవచ్చునని ఆ ఏడే హెచ్చరిక వెలువడినది గాన, వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

ఆందోళనకు సంబంధించి యేల్ విశ్వవిద్యాలయం వారు 2020లో ప్రకటించిన పరిశోధన తల్లిదండ్రులకు మరీ ముఖ్యం. 124 మంది పిల్లలలో కొందరికి నేరుగా చికిత్స చేసి, మిగిలినవారి తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చినారు. ఫలితం ఇంచుమించు సమానం! బిడ్డ భయపడితే బడి మాన్పించుట, బిడ్డ బదులు తామే సమాధానం చెప్పుట అప్పటికి ఊరటనిచ్చినా భయాన్ని పెంచుతవి. నీ భయం నిజమేననీ, దానిని నీవు ఓర్చుకోగలవనీ బిడ్డకు చెప్పి, అట్టి సాయాన్ని క్రమంగా తగ్గించుటయే ఆ శిక్షణ సారం.

ఈ చరిత్ర నేర్పే పాఠం ఒక్కటే: ఊహించవద్దు, అడగండి. అడిగిన తరువాత హితబోధకు దిగక వినండి. దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర, ఆకలి, చదువు దెబ్బతిన్నా వైద్యుని చూపించండి. చావాలని అనిపిస్తున్నదా అని సూటిగా అడగవచ్చును. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునన్నచో బిడ్డను ఒంటరిగా విడువక, మందులు, పురుగుమందులు అందకుండా తీసివేసి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 2022లో భారత ప్రభుత్వం నెలకొల్పిన టెలి మానస్ సహాయవాణి 14416 తెలుగులోనూ పలుకుతుంది.