మర తప్పిన ఇరుసు

హబ్ ఊడింది. దాంతోపాటు ఇరుసు మొన కూడా పోయింది.

అమెరికాలో మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డున, సిల్వర్ లేక్ ఇసుక దిబ్బలకు దగ్గర్లో ఒక పొలం షెడ్డు. పద్నాలుగేళ్ల కుర్రాడు సుత్తి కింద పెట్టి, నట్టు తీసుకుని ఇరుసుకు ఎక్కించబోయాడు. ఎక్కలేదు. పొడుగు పానా తెచ్చి బలం పెట్టాడు. అర చుట్టు తిరిగి వంకరగా బిగిసింది. లోపల ఏదో కీచుమంది.

"ఆపరా!" గుమ్మంలోంచి తాత అరిచాడు.

వాళ్లు బాగుచేస్తున్న బండి 1982 నాటి హోండా ఏటీసీ 200. మూడు చక్రాలనగానే మనకు ఆటో గుర్తొస్తుంది. దీనికి టాపూ లేదు, మీటరూ లేదు. మోటారుసైకిల్‌లా కాళ్లు అటూ ఇటూ వేసి కూర్చోవాలి. ముందు ఒక లావు టైరు, వెనక రెండు. వాటిలో గాలి రెండు మూడు పౌండ్లే. ఇసుకలో, మంచులో దిగబడకుండా పోవడానికే అంత మెత్తన. చలికాలంలో మోటారుసైకిళ్లు కొనేవాళ్లుండరు, అప్పుడు అమ్ముకోవడానికి ఏదైనా ఇమ్మని అమెరికా డీలర్లు అడిగితే హోండా ఇలాంటి బండిని తయారుచేసి 1970లో అక్కడి మార్కెట్లోకి దించింది. మరుసటి ఏడు జేమ్స్ బాండ్ సినిమా 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'లోనూ అది పరుగులు తీసింది.

తాత నట్టును మెల్లగా వెనక్కి తిప్పి తీశాడు. దాని మరల్లోంచి ఇనుప పీచు రాలింది. టార్చి వేసి చూశాడు. తుప్పు పట్టి కదలని హబ్‌ను ఊడగొట్టడానికి మనవడు నట్టు పూర్తిగా తీసేసి, ఉక్కు సుత్తితో ఇరుసు మొన మీదే బాదాడు. మొన పుట్టగొడుగులా విచ్చుకుంది. బయటి నాలుగు మరలు నలిగి ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

"నట్టును మొనతో సమంగా ఉంచి, మీద ఇత్తడి ముక్క పెట్టి కొట్టుంటే మరలు మిగిలేవి. అసలు పుల్లర్ ఉండగా సుత్తెందుకురా?"

"కొత్త ఇరుసు కొందాం తాతయ్యా."

"ఎక్కడ కొంటావు?"

అదీ సంగతి. ఈ బళ్ల మీద ప్రమాదాలు పెరిగి గొడవ కోర్టుకెక్కింది. 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంతో అక్కడ కొత్త మూడు చక్రాల ఏటీసీల అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కువగా దొరికేది ఇంకో పాత బండిలోంచి తీసిన ఇరుసే. దాని మొన ఎన్ని దెబ్బలు తిందో చెప్పేవాడు ఉండడు.

వెల్డింగు పోసి లేతు మీద కొత్త మర కోయించవచ్చు కదా అన్నాడు కుర్రాడు. తాత ఒప్పుకోలేదు. గట్టిపరచిన ఉక్కుకు ఆ వేడి తగిలితే ఒకచోట పెళుసెక్కుతుంది, పక్కనే మెత్తబడుతుంది. ఈ బండికి డిఫరెన్షియల్ లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుతో కలిసి తిరగాల్సిందే కాబట్టి ప్రతి మలుపులోనూ మెలి ఇరుసు మీద పడుతుంది. అలాంటి చోట వెల్డింగు ఆఖరి మాట కావాలే తప్ప మొదటిది కాకూడదు. ఈ విషయంలో నా ఓటు తాతకే.

తాత కన్ను లోపలి మరల మీద పడింది. అవి చెక్కుచెదరలేదు. నట్టు పూర్తిగా బిగిశాక బరువు మోసేవి అవే. నలిగినవన్నీ దాదాపు బయటే మిగిలిపోతాయి. వాటితో పని నట్టును లోపలికి పోనివ్వడమే.

ముందు ఆకురాయితో విచ్చుకున్న మొనను చుట్టూ ఏటవాలుగా అరగదీయించాడు. గేజీ పెట్టి మర కొలత చూశాడు. అదే కొలత కొత్త నట్టును వైస్‌లో బిగించి, హాక్సా బ్లేడుతో నిలువునా రెండు చెక్కలుగా కోయమన్నాడు.

"మంచి నట్టును కోసేస్తే ఎలా తాతయ్యా?"

"బయటి నుంచి పోయేదానికి దారి లేదు. లోపల పెట్టి బయటికి నడిపిద్దాం."

రెండు చెక్కలనూ బాగున్న మరల మీద కూర్చోబెట్టి లాకింగ్ ప్లయర్‌తో బిగించి పట్టారు. నూనె వేశారు. విప్పే వైపుకు పావు చుట్టు, మళ్లీ కొంచెం వెనక్కి. బాగున్న మర దారి చూపిస్తుంటే నట్టు చెక్కలు పడిపోయినవాటిని ఒక్కొక్కటే లేపుకుంటూ వచ్చాయి. రెండో మర దగ్గర బిగిసింది. కుర్రాడు మోచెయ్యి బిగించాడు. తాత ఆ చేతిని తీసేసి మూడు మూలల ఆకురాయి అందించాడు. చెక్కలు తీసి, మర లోయలో ఇరుక్కున్న ఇనుమును గీకి, తుడిచి, మళ్లీ మొదలు. చీకటి పడింది. భోజనానికి పిలుపు వచ్చినా ఎవరూ కదల్లేదు.

చివరికి చెక్కలు మొన దాటి చేతిలోకి వచ్చాయి. స్ప్లైన్లకు గ్రీజు రాసి హబ్ ఎక్కించి, ఇంకో కొత్త నట్టు పెట్టారు. అది వేళ్లతోనే లోపలికి పోయింది. వేళ్లకు లొంగని నట్టుకు పానా వేయనిచ్చేవాడు కాదు తాత. నట్టు వదులుగా ఉంటే హబ్ ఊగి స్ప్లైన్ల పళ్లను తినేస్తుంది, ఆపైన చక్రమే ఊడిపోవచ్చు.

మాన్యువల్లో చెప్పినంత టార్క్‌కు బిగించారు. నట్టు గాడి కాటర్ పిన్ను రంధ్రానికి కుదరలేదు. కుర్రాడు వదులు చేయబోయాడు.

"వెనక్కి వద్దు. ముందు గాడికి పో."

ఇంకాస్త బిగించాక రంధ్రం కనబడింది. పిన్ను దూర్చి కాళ్లు వంచారు.

కుర్రాడు పరుగున వెళ్లి హెల్మెట్ పెట్టుకుని వచ్చేసరికి, తాత తన హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు.

"మరి నేను?"

"మూడు చక్రాల బండికి పదహారేళ్లు నిండాలి. ఆ లైటు ఇలా పట్టుకో. ఒక చుట్టు తిరిగొస్తా, నట్టు మళ్లీ చూద్దాం."