లండన్ ఖాతా, సూర్యాపేట వెట్టి

మిత్రులారా, ప్రపంచ సంపద కొందరి దగ్గరే ఎట్లా పోగుపడిందని అడిగే విద్యార్థులకు నేను న్యూయార్క్ కథ చెప్పను. సూర్యాపేట తాలూకా కథ చెప్తాను.

1937 ఫిబ్రవరి 22న అమెరికా పత్రిక టైమ్ ఏడో నిజాం బొమ్మను ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడన్నది. ఆ రోజుల్లోనే మన ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలున్నాయని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. సూర్యాపేట దేశ్‌ముఖ్‌కు 20 వేల ఎకరాలట. చిన్న దొర అన్నమాట!

దేశ్‌ముఖ్‌లు మొదట్లో శిస్తు వసూలు చేసేవాళ్లే. 1860లలో సాలార్‌జంగ్ ఆ పని సర్కారు ఉద్యోగులకు అప్పగించి, వీళ్లకు ఏటా రుసుం కట్టబెట్టాడు. తర్వాత సర్వేలు వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు తమ పేరిట ఎక్కించుకున్నారు. కలం, కాగితం వాళ్ల ఇళ్లలోనే ఉండె.

మరి మనవాళ్లు? వెట్టి. మాదిగ ఇంటి నుంచి ఒక మనిషి ఎప్పుడూ గడీ పనికి పోవాలి. చచ్చిన గొడ్డును ఈడ్చి, తోలు ఊని, దొరకు చెప్పులు, మోటకు తొండం కుట్టియ్యాలి. ఊరూరికీ కబురు మోయాలి. కూలి లేదు. వానాకాలంలో గింజలు లేక నాగుకు తెచ్చుకుంటే, పంట మీద ఒకటికి ఒకటిన్నర కొలవాలి. అంటే ఆర్నెల్లకే సగం వడ్డీ. దొర దగ్గరి గింజ పెరిగేది, మన దగ్గరి అప్పు పెరిగేది.

ఇక సర్కారు ఖజానా సంగతి. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. మూడు రోజులకు, లండన్ బ్యాంకులో హైదరాబాద్ సర్కారు పేరిట ఉన్న 10,07,940 పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మారాయి. నిజాం వెనక్కి అడిగాడు, బ్యాంకు కదలలేదు. కేసు 71 ఏళ్లు నానింది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పేనాటికి అది దాదాపు 3.5 కోట్ల పౌండ్లు. ఆ డబ్బు ఒక్క మడి దున్నలేదు, ఒక్క చెప్పు కుట్టలేదు. కూర్చుని 35 రెట్లయింది.

కోర్టులో ఒకవైపు పాకిస్తాన్, ఇంకోవైపు భారత్, నిజాం వారసులు. పాకిస్తాన్ ఓడింది. ఆ ఖజానా నింపిన ఊళ్ల తరఫున ఎవరూ లేరు. చట్టం లెక్కలో వాళ్లు పార్టీలే కారు కదా.

1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో జాగీర్దార్లకు పరిహారం కట్టడానికి ప్రత్యేక చట్టం వచ్చింది. వెట్టి చేసిన తరాలకు ఎంత బాకీ ఉందో ఏ చట్టమూ లెక్కగట్టలేదు. సాయుధ పోరాటంలో పంచిన భూములు కూడా, సైన్యం వెనకాలే వచ్చిన దొరలు చాలాచోట్ల తిరిగి గుంజుకున్నారు.

1967 ఆగస్టు 4న సాగర్ నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, కోదాడ పచ్చబడ్డాయి, రైస్ మిల్లులు లేచాయి. అయితే కాల్వ నీళ్లు పట్టా ఉన్నోడి పొలానికే పారతాయి. పట్టా లేనోడు నాటుకూ కోతకూ పోయాడు, మిల్లులో బస్తా మోశాడు.

వచ్చే భాగంలో 1973 భూసీలింగ్ చట్టం, దాని కింద పుట్టిన బినామీ పట్టాల గురించి రాస్తాను. ఈలోగా మీ ఊరి 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించండి. పట్టాదారు గడిలో ఎవరున్నారు, సాగు చేసేవారి గడిలో ఎవరున్నారు, చూసి నాకు రాయండి.

జై భీమ్.

(ఇంకా ఉంది)