బిడ్డకు వినిపించడం లేదా? మాటలు వచ్చేదాకా ఆగొద్దు

"మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయిలే" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు. కానీ మాటలు రాకపోవడానికి అసలు కారణం వినిపించకపోవడం కావచ్చు. బిడ్డ ఆరు నెలలకు శబ్దం వైపు తల తిప్పాలి. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడాలి, 'అమ్మీ', 'అబ్బా' లాంటి ఒకటి రెండు మాటలు అనాలి. గిన్నె పడితే ఉలిక్కిపడుతున్నాడు కదా అని ఊరుకోవద్దు. పెద్ద శబ్దాలు మాత్రమే వినిపించే పిల్లలూ ఉంటారు.

ఎందుకు వస్తుంది?

వినికిడి లోపం ముఖ్యంగా రెండు రకాలు. గులిమి, చీము, కర్ణభేరికి రంధ్రం వంటి వాటితో శబ్దం లోపలికి చేరకపోవడం ఒకటి. ఇది చాలావరకు మందులతోనో ఆపరేషన్‌తోనో నయమవుతుంది. లోపలి చెవి లేదా నరం దెబ్బతినడం రెండోది. ఇది సాధారణంగా శాశ్వతం. గర్భిణికి రుబెల్లా సోకడం, నెలలు నిండకుండా పుట్టడం, తీవ్రమైన కామెర్లు, వంశపారంపర్యం దీనికి కారణాలు. దగ్గరి బంధువుల్లో పెళ్లి చేసుకున్నవారి పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ.

పరీక్షలు ఏమిటి?

ముందుగా ఓఏఈ పరీక్ష చేస్తారు. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి లోపలి చెవి స్పందనను చూస్తారు. తేడా ఉంటే బెరా పరీక్ష చేస్తారు. బిడ్డ నిద్రపోతుండగా తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందో లేదో చూస్తారు. రెండింటిలోనూ నొప్పి ఉండదు. కొంచెం పెద్ద పిల్లలకు, పెద్దవారికి ఆడియోమెట్రీ చేస్తారు. పుట్టిన నెలలోపు మొదటి పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది వైద్యుల లెక్క.

చికిత్స ఎలా?

శాశ్వత లోపానికి ముందు హియరింగ్ ఎయిడ్ పెడతారు. దాంతో ఫలితం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్‌తోనే మాటలు వచ్చేయవు. ఆ తర్వాత స్పీచ్ థెరపీ తప్పనిసరి. తెలుగైనా, ఉర్దూ అయినా ఇంట్లో మాట్లాడే భాషలోనే బిడ్డతో రోజూ మాట్లాడాలి.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కేంద్రం అమలు చేసే అడిప్ పథకం కింద అర్హులైన పేద పిల్లలకు ఉచితంగా ఇంప్లాంట్ అందుతుంది. అయితే దీనికి వయసు పరిమితి ఉంది. ఆలస్యం చేస్తే ఆ అవకాశం కూడా చేజారుతుంది.

చెవిలో నూనె పోయడం, పుల్లలు పెట్టడం మానండి. అనుమానం వస్తే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.