డ్రెడ్ స్కాట్ కేసు: నల్లజాతి వారు పౌరులే కారన్న తీర్పు

అమెరికా సుప్రీంకోర్టుకు అత్యంత అపఖ్యాతి తెచ్చిన తీర్పుల్లో డ్రెడ్ స్కాట్ కేసు ముందుంటుంది. నల్లజాతి వారు బానిసలైనా, స్వేచ్ఛ పొందినవారైనా సరే, దేశ పౌరులు కారని 1857 మార్చి 6న కోర్టు తేల్చేసింది.

నేపథ్యం: వర్జీనియాలో బానిసగా పుట్టిన స్కాట్‌ను సైనిక వైద్యుడు జాన్ ఎమర్సన్ కొన్నాడు. బదిలీ అయినప్పుడు వెంట తీసుకెళ్లాడు. అలా స్కాట్ బానిసత్వంపై నిషేధమున్న ఇల్లినాయిస్ రాష్ట్రంలో, విస్కాన్సిన్ ప్రాంతంలో కొన్నేళ్లు ఉన్నాడు. స్వేచ్ఛా గడ్డమీద బతికాం కాబట్టి మేం బానిసలం కాదంటూ స్కాట్, భార్య హ్యారియట్ 1846లో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో దావా వేశారు. 1850లో గెలిచారు. 1852లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ గెలుపును కొట్టేసింది. దాంతో స్కాట్ ఫెడరల్ కోర్టుకెక్కాడు.

తీర్పు: ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ నాయకత్వంలో 7-2 మెజారిటీతో తీర్పు వచ్చింది. పౌరుడు కాని స్కాట్‌కు ఫెడరల్ కోర్టులో దావా వేసే హక్కే లేదంది. బానిస యజమాని ఆస్తి కాబట్టి, కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం పార్లమెంటుకూ లేదంది. రాజ్యాంగాన్ని ఆమోదించిన నాడే ఐదు రాష్ట్రాల్లో స్వేచ్ఛ పొందిన నల్లవారికి ఓటుందని జస్టిస్ కర్టిస్ అసమ్మతి తీర్పులో గుర్తుచేశారు. ఆ ఏడాదే ఆయన పదవి వదిలేశారు.

స్పందన: దక్షిణాది యజమానులు పండగ చేసుకున్నారు. ఉత్తరాది భగ్గుమంది. బానిసగా పుట్టి తప్పించుకున్న నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ మాత్రం నిరాశపడలేదు. ఈ తీర్పే బానిసత్వం అంతాన్ని దగ్గర చేస్తుందన్నారు. తీర్పును తప్పుబట్టిన అబ్రహాం లింకన్ 1860లో అధ్యక్షుడిగా గెలిచారు. మరుసటి ఏడాదే అంతర్యుద్ధం మొదలైంది.

తర్వాత: కోర్టు ఇవ్వని స్వేచ్ఛ స్కాట్‌కు అదే ఏడాది మే నెలలో కొత్త యజమాని చేతుల మీదుగా దక్కింది. దాన్ని అనుభవించింది ఏడాదిన్నర కూడా కాదు. 1858లో క్షయతో చనిపోయాడు. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వ సవరణ అమెరికా గడ్డపై పుట్టి, ఆ దేశ చట్టపరిధిలో ఉన్నవారంతా పౌరులేనని రాసింది.

అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు పుట్టుకతోనే పౌరులవుతున్నది ఈ సవరణ వల్లే. ఆ హక్కును కుదిస్తూ 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇవ్వడంతో వివాదం మళ్లీ కోర్టులకెక్కింది. అందుకే స్కాట్ పేరు నేటికీ వినపడుతోంది.